జున్ను అన్న మాట

మేము ఇద్దరము అక్కచెల్లెండ్రము. అక్క చెప్పుచుండగా చెల్లెలు వ్రాయుచున్నది. కనుక ఈ వ్యాసములో మేము అన్నప్పుడెల్ల అది ఇద్దరి మాటగా చదువరులు గ్రహింతురు గాక. అక్క 32 ఏండ్లు బడిలో గృహవిజ్ఞానము బోధించినది. చెల్లెలు భూగోళశాస్త్రము బోధించినది. ఇద్దరమును పదవీ విరమణ చేసి, చాట్స్‌వర్త్‌లో మా అమ్మ విడిచిపోయిన ఇంటిలోనే కాలము గడుపుచున్నాము. తెలుగు మా ఇంటి భాషయే గాని, దానిని మేము చదువనేర్చినది యాభై ఏండ్లు దాటిన తరువాత, మంగళవారపు సాయంకాల తరగతిలో. ఈ వ్రాతలో ఒప్పులున్నచో అవి మా మాస్టారుగారివి, తప్పులు మావి.

ఈ శీర్షిక క్రింద ఇదివరకు పులిహోర, అరిసెలు, ఉగాది పచ్చడి మొదలైన వాటిని గూర్చి పెద్దలు చక్కగా వ్రాసియున్నారు. మేము వ్రాయబోవునది వాటి వరుసలో చేరదగినది కాదు. బేరిపండును రెండు చెక్కలుగా కోసి, నడుమ మెత్తని జున్నును, పప్పులను ఉంచి, ఓవెన్‌లో మగ్గబెట్టెడు ఒక చిన్న తీపి వంటకము. మన పూర్వులు దీనిని ఎరుగరు. అక్క దీనిని తరగతి గదిలో పదమూడేండ్ల పిల్లలకు నేర్పినది. నేర్చినది ఇంగ్లీషు పాఠ్యపుస్తకములో. అయినను మేము తెలుగు నేర్చుకొనుటకు కారణము ఈ వంటకమే. ఆ సంగతి చెప్పవలెనని చాలనాళ్ళుగా అనుకొనుచున్నాము.

మా అమ్మ 1932లో టోంగాట్ ప్రాంతమున పుట్టినది. ఆమె తాతగారు విశాఖపట్టణము జిల్లా నుండి అయిదేండ్ల ఒప్పందము మీద మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలుకు వచ్చినవారు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మొదటిసారిగా కూలీలను దర్బను రేవున దించినది మొదలు 1911 వరకు ఇట్లు వచ్చినవారు లక్షా యాభై వేలకు పైబడినారు. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రాజధానికి చెందినవారు. మా ముత్తాతగారు ఒప్పందము తీరిన పిమ్మట వెనుకకు పోలేదు. కౌలుకు కొంత నేల తీసికొని కూరగాయలు పండించినారు. ఆ తోట ఆయన కుమారునికి వచ్చినది. అమ్మ ఆ తోటలోనే పెరిగినది. నాలుగవ తరగతితో చదువు ఆగినది. తన తల్లితో తెలుగు, పొరుగువారితో కొంత తమిళము, తోటలో పనికి వచ్చువారితో జూలూ, అంగడిలో ఇంగ్లీషు మాట్లాడెడిది. నాలుగు భాషలలో ఏడవగలదు, నవ్వగలదు. వ్రాయుట మాత్రము ఒక్కదానిలోను సరిగా రాదు.

1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టము వలన ఎవరెక్కడ నివసింపవలెనో రంగును బట్టి ప్రభుత్వమే నిర్ణయించినది. మా కుటుంబము 1960 దశకములో చాట్స్‌వర్త్‌కు తరలినది. తోట పోయినది, ఆవు పోయినది, అవ్వ పోయినది. అవ్వ పోయిన తరువాత అమ్మకు ఇంటిలో తెలుగు మాట్లాడుటకు మేమే మిగిలినాము.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. అక్కకు తొమ్మిదేండ్లప్పుడు ఒకనాడు అన్నపు డబ్బా ఇంటిలో మరచి బడికి వెళ్ళినది. అమ్మ చెప్పులు కూడ తొడుగుకొనకుండ దానిని తీసికొని బడి గేటు దగ్గరకు వచ్చి, “ఓ తల్లీ, బువ్వ మరచిపోయినావే!” అని వీధి అదిరేటట్లు పిలిచినది. ఆటస్థలములోని పిల్లలు నవ్వినారు. ఆ పిల్లలును మనవారే. వారి ఇండ్లలోను తల్లులు తమిళమో, తెలుగో, హిందీయో మాట్లాడుచుండిన వారే. అయినను నవ్వినారు. ఆ సాయంకాలము అక్క ఇంటికి వచ్చి, “అమ్మా, బడి దగ్గర అట్లా మాట్లాడవద్దు. ఇంటిలో కూడ వద్దు. మాకు ఇంగ్లీషు రావాలి” అన్నది. చెల్లెలికి అప్పుడు ఆరేండ్లు. అక్క వెనుక నిలిచి తానును తల ఊపినది.

అమ్మ కోపపడలేదు. “సరే” అన్నది, ఇంగ్లీషులో. అప్పటి నుండి మాతో ఆమె తెలుగు మాట్లాడుట నిలిచిపోయినది. శనివారము ఉపవాసమున్నప్పుడు గోవింద నామము పలికెడిది. కాలికి రాయి తగిలినప్పుడు “అమ్మో” అనెడిది. అంతే. మేము స్ప్రింగ్‌ఫీల్డు ఉపాధ్యాయ కళాశాలలో చదివి, ఇద్దరమును పంతులమ్మలమై, నలుబది ఏండ్ల కాలము ఇతరుల పిల్లల ఇంగ్లీషు దిద్దినాము.

2014వ సంవత్సరము ఫిబ్రవరిలో అమ్మకు పక్షవాతము వచ్చినది. కుడి చేయి పడిపోయినది. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చిన తరువాత ఆమె నోట ఇంగ్లీషు రాలేదు. తెలుగు వచ్చినది. మొదట ఒకటి రెండు మాటలు, తరువాత వాక్యములు. తరువాత నేర్చిన భాష పోయి, మొదట నేర్చిన భాష నిలుచుట కొందరిలో జరుగునని వైద్యుడు చెప్పినాడు. “మీకు ఆ భాష వచ్చును గదా, అదృష్టము” అని కూడ అన్నాడు. మేము అవునని గాని కాదని గాని అనలేకపోయినాము.

అమ్మ తిండి మానినది. గంజి పట్టినచో పెదవులు బిగించెడిది. పెరుగన్నము రెండు ముద్దల కంటె పోలేదు. నమలుట కష్టము, మింగుట ఇంకను కష్టము. ఏప్రిల్ నెల వచ్చినది. మన పంచాంగము వసంతమని చెప్పు వేళ ఈ దేశమున ఎండ తగ్గి, బజారులో బేరిపండ్లు కుప్పలుగా కనబడును. అక్క నాలుగు పండ్లు తెచ్చినది. బడిలో వందసార్లు నేర్పిన పాఠము కనుక చేతులు వాటంతట అవే పని చేసినవి. పండును చెక్కలు చేసి, గింజ తీసి, ఇంటిలో విరిచిన పాల ముద్దను తేనెతో కలిపి నింపి, పైన పప్పుల పొడి చల్లి ఓవెన్‌లో పెట్టినది. అమ్మ గొంతులో పడునని పప్పును పిండివలె నూరినది.

చల్లారిన తరువాత చెంచాతో కొంచెము అమ్మ నాలుక మీద ఉంచినాము. ఆమె కన్నులు మూసికొన్నది. మింగినది. మరల నోరు తెరచినది. మూడవ చెంచా తరువాత కన్నులు తెరచి మమ్ములను చూచి, “జున్ను” అన్నది. మేము ముఖముఖములు చూచుకొన్నాము. ఆమె మరల, ఈసారి స్పష్టముగా, “నల్లావు జున్ను” అన్నది.

మాకు అర్థము కాలేదు. అవి మనుష్యుల పేర్లనుకొన్నాము. జున్ను అను ఒకరు, నల్లావు అను ఒకరు. చెల్లెలు మాత్రల కవరు వెనుక ఆ రెండు మాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నది. పాత ఫోటోల ఆల్బము తెచ్చి ఒక్కొక్క బొమ్మను చూపి, “ఈమెయా నల్లావు? ఇతడా జున్ను?” అని అమ్మను అడిగినాము. బంధువులకు ఫోను చేసి, మన వంశములో నల్లావు అను పేరు గలవారు ఎవరైన ఉండిరా అని విచారించినాము. స్టాంగర్‌లోని ఒక మామగారు ఆలోచించి, “ఓడలో వచ్చిన ముసలమ్మ కావచ్చును” అన్నారు.

రెండు దినముల తరువాత మా వీధి చివర నుండెడి పెద్దమ్మ చూడవచ్చినది. ఆమెకు అప్పటికే ఎనుబది దాటినవి. తెలుగు మరువని వారిలో మా వీధికి ఆమెయే కడపటిది. కవరు మీది మాటలు చదివి వినిపించినాము. ఆమె నవ్వ మొదలుపెట్టినది. నవ్వి నవ్వి కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. “పిచ్చిపిల్లలారా, మనుషులు కాదే! నల్ల ఆవు. మీ తాత తోటలో ఉండిన నల్లావు. అది ఈనినప్పుడు మీ అవ్వ జున్ను వండి మా ఇండ్లకు కూడా పంపేది. మీ అమ్మ దాన్ని అడుగుతున్నది” అని చెప్పినది.

అటుపైన అమ్మ ఏడు వారములు బ్రతికినది. వారమునకు రెండు మూడు సార్లు బేరిపండు వండినాము. అది ఒక్కటి మాత్రము పూర్తిగా తినెడిది. పెద్దమ్మ సాయంకాలము వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి మాట్లాడెడిది. వారిద్దరు ఏదో తలచుకొని నవ్వుచుండగా మేము తలుపు దగ్గర నిలిచి వినుచుండెడివారము. పెద్దమ్మ లేని వేళ అమ్మ మాతోను మాట్లాడెడిది. చాల చెప్పినది. ఒకసారి అర్ధరాత్రి చెల్లెలి చేయి పట్టుకొని చాలసేపు ఏదో చెప్పినది. మేము ప్రతి మాటకును “అవునమ్మా” అన్నాము. అవునన్నది దేనికో, కాదనవలసినది ఏదో మాకు తెలియదు. ఆ రాత్రి మాటలు ఇప్పటికిని తెలియవు. జూన్ మొదటి వారములో అమ్మ పోయినది.

పెద్దకర్మ ముగిసిన నెలలోనే మేము సాయంకాలపు తరగతిలో పేర్లు వ్రాయించుకొన్నాము. తక్కిన విద్యార్థులకు తొమ్మిదేండ్లు, పదేండ్లు. మాకు ఒకరికి 56, ఒకరికి 53. చిన్న బల్లలలో మోకాళ్ళు పట్టలేదు. ‘అ’ అక్షరమును మేము దిద్దిన తీరు చూచి ఒక చిన్నవాడు, “ఆంటీ, ఇట్లా” అని చేయి పట్టి చూపినాడు. ఇతరుల వ్రాతకు ఎఱ్ఱ సిరాతో గుర్తులు పెట్టిన చేతులకు అది తగిన శిక్షయే.

రెండవ ఏట మాస్టారుగారు ఇంటి సామగ్రికి తెలుగు మాటలు వ్రాసికొని రండని చెప్పినారు. నిఘంటువులో చీజ్‌కు అర్థము చూచితిమి. “జున్ను” అని ఉన్నది. చెల్లెలు ఆ పుటను మూయలేకపోయినది. అమ్మ ఆనాడు పొరబడలేదా? చీజునే పేరు పెట్టి పిలిచినదా? మరునాటి తరగతిలో అడిగినాము. మాస్టారుగారు చెప్పినదేమనగా, పుస్తకములు వ్రాసినవారు చీజ్ అను మాటకు తెలుగు వెదకి, పోలికను బట్టి జున్ను అను మాటను వాడినారు. కాని తెలుగువారి ఇంటిలో జున్ను అనగా వేరు. ఆవు గాని గేదె గాని ఈనిన తరువాత మొదటి కొన్ని దినములలో ఇచ్చెడి చిక్కని పాలు జున్నుపాలు. దూడ త్రాగగా మిగిలిన ఆ పాలకు మామూలు పాలు కొన్ని చేర్చి, బెల్లము, మిరియాలపొడి, ఏలకులపొడి కలిపి ఆవిరి మీద ఉడికించినచో అవి వాటంతట అవే గట్టిపడును. అది జున్ను.

అక్క దీనికి తన శాస్త్రము చేర్చినది. జున్నుపాలలో మాంసకృత్తులు మామూలు పాలలో కంటె ఎన్నో రెట్లు అధికము. వేడి తగులగానే గ్రుడ్డు వలె అవి పేరుకొనును. తోడు అక్కరలేదు, పులుపు అక్కరలేదు. చీజ్ అట్లు కాదు. మామూలు పాలను పులుపుతో గాని, రెన్నెట్ అను పదార్థముతో గాని విరిచి, నీటిని తీసివేయవలెను. రెండును పాలనుండి వచ్చినవే, రెండును మెత్తనివే, తెల్లనివే. పుట్టుక మాత్రము వేరు. అయినచో అమ్మ నాలుకకు తగిలినది ఏమి? వెచ్చని మెత్తదనము, ఏలకుల వాసన, తీపి. ఎనుబది ఏండ్ల నాలుకకు అంత ఆధారము చాలినది.

ఇక వంట సంగతి. పిల్లలున్న కుటుంబములకు ఉపయోగపడునని వివరముగా చెప్పుచున్నాము.

బేరిపండు చెట్టు మీద బాగుగా పండదు. కేప్‌టౌన్ నగరమునకు ఈశాన్యమున కొండల నడుమ నున్న సీరీస్ లోయ ఈ దేశమున బేరితోటలకు ప్రసిద్ధి. అక్కడ వేసవి చివర కాయలను గట్టిగా ఉండగానే కోసి, చల్లని గదులలో నిలువచేసి మనకు పంపుదురు. ఇంటికి తెచ్చిన తరువాత మూడు నాలుగు దినములు బుట్టలో మాగబెట్టవలెను. మామిడికాయను గడ్డిలో మాగబెట్టుట ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. బేరి లోపలి నుండి వెలుపలికి పండును గనుక పైన మెత్తబడు వరకు ఆగినచో లోపల క్రుళ్ళును. తొడిమ దగ్గర బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూడవలెను. అక్కడ కొంచెము లొంగినచో వంటకు సిద్ధము. మేము వాడునది ప్యాకమ్స్ ట్రయంఫ్ అను రకము. ఓవెన్ వేడికి ఇది చెదరదు.

పాలముద్దకు ఒక లీటరు చిక్కని పాలు కావలెను. పాలు పొంగు వచ్చిన తరువాత పొయ్యి ఆర్పి, రెండు మూడు పెద్ద చెంచాల నిమ్మరసమును కొద్దికొద్దిగా పోయుచు మెల్లగా కలుపవలెను. పచ్చని నీరు వేరుపడగానే ఆపవలెను. పలుచని గుడ్డలో వడగట్టి, చన్నీటితో ఒకసారి కడిగి, ఇరువది నిమిషములు వ్రేలాడదీయవలెను. పనీరువలె బరువు పెట్టి నొక్కరాదు. కొంత తడి ఉండవలెను. దానిని రెండు చెంచాల తేనెతోను, చిటికెడు ఏలకులపొడితోను అరచేతితో మెదిపినచో వెన్నవలె అగును.

కొట్టులో దొరకు చీజును కూడ వాడవచ్చును గాని పెట్టె మీది అక్షరములను చదువుడు. రెన్నెట్‌ను పూర్వము దూడ కడుపు నుండి తీసెడివారు. నేటికిని కొన్ని చీజులలో అదియే వాడుదురు. శాకాహారులకు తగినదని వ్రాసియున్న దానిని మాత్రమే కొనుడు. మా అమ్మ జీవితమంతయు గోమాంసము ముట్టలేదు. ఈ సంగతి మాకు తెలియకముందు ఆమెకు కొట్టు చీజుతో శాండ్విచీలు ఎన్నో చేసిపెట్టినాము. అందుకనియే ఆ ఏప్రిల్ నెలలో అక్క పాలను ఇంటిలో విరిచినది.

పాలు విరుచుటను గూర్చి పెద్దమ్మకు అభ్యంతరము ఉండినది. మన ఇండ్లలో గృహప్రవేశమునాడు పాలు పొంగించుట శుభము. పాలు విరుగుట అశుభము. “కోరి కోరి పాలు విరగ్గొడతారా?” అని ఆమె అడిగినది. అక్క తన శాస్త్రమంతయు చెప్పినది. పెద్దమ్మ వినలేదు. కడకు ఆమెయే దారి చూపినది: నిమ్మరసము పోయక ముందు ఒక చెంచాడు పాలు తీసి దేవుని ముందు ఉంచినచో దోషము లేదు. ఇది ఏ గ్రంథములో ఉన్నదో మేము ఎరుగము. ఇప్పటికిని అట్లే చేయుచున్నాము.

తరువాత పని సులభము. నాలుగు పండ్లను నిలువుగా చెక్కలు చేసి, గింజలున్న నడిమి భాగమును చెంచాతో గుంటగా తీయవలెను. కోసిన ముఖమునకు నిమ్మరసము రాచినచో నల్లబడదు. చెక్క దొర్లకుండుటకై వీపు వైపు ఒక పలుచని ముక్క కోయవలెను. పళ్ళెములో పేర్చి, అడుగున మూడు చెంచాల నీరు పోసి, గుంటలలో పాలముద్దను నింపవలెను. ఓవెన్‌ను 180 డిగ్రీలకు ముందుగా వేడిచేసి, ఇరువది నిమిషములు ఉంచి వెలుపలికి తీసి, అప్పుడు పప్పుల ముక్కలు చల్లి, మరి పది నిమిషములు లోపల పెట్టవలెను. పప్పులను మొదటనే చల్లినచో మాడి చేదెక్కును. మా తరగతులలో ప్రతి ఏడును ఒక పిల్ల మాడ్చి ఏడ్చెడిది.

ఏ పప్పైనను సరే. అక్రోటు పుస్తకములో చెప్పినది. మేము మెకడేమియా వాడుదుము. నేటాలు తీరమున ఒకప్పుడు చెరకు ఉండిన నేలలలో కొన్ని ఇప్పుడు మెకడేమియా తోటలైనవి. దక్షిణ తీరపు దారిని పోవునప్పుడు చెల్లెలు కారును ఆపి, ఇది చెరకు, అది మెకడేమియా అని పిల్లలకు చూపును. మన ముందు తరములవారు కత్తి పట్టిన నేల అది.

గత సంవత్సరము మాస్టారుగారి అనుమతితో ఈ వంటకమును తరగతిలో పాఠముగా చేసినాము. మంగళవారము నాడు పదునొకండుగురు పిల్లలు, వారిలో కొందరి తల్లిదండ్రులు, ఒక చిన్న ఓవెన్. నియమము ఒక్కటే: చేయి చేయుపనిని నోరు తెలుగులో చెప్పవలెను. కోయు, తీయు, నింపు, చల్లు వరకు సాఫీగా జరిగినది. ఓవెన్ దగ్గరకు వచ్చుసరికి మాట ఆగినది. కాల్చుట అన్నచో నిప్పు మీద, వేయించుట అన్నచో నూనెలో, ఉడికించుట అన్నచో నీటిలో. ఓవెన్‌లో చేయు పనికి ఏమనవలెను? ఒక బాలిక తల్లి, ఆమె గుంటూరు నుండి ఉద్యోగరీత్యా వచ్చిన ఆవిడ, “మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే మగ్గబెట్టడం అంటాం కదా, అదే అనుకోండి” అన్నది. మాగబెట్టిన పండును మగ్గబెట్టుట. పిల్లలకు ఆ రెండు మాటలు నాలుకకు ఆటయైనవి.

పప్పు దగ్గర మరియొక చిక్కు. ఇంగ్లీషులో వీటన్నిటికిని ఒకే మాట ఉన్నది గదా, తెలుగులో ఏమని ఒక పిల్లవాడు అడిగినాడు. అట్టి ఒక్క మాట వాడుకలో లేదు. లోపలి పలుకును పప్పు అనుట కలదు. బాదంపప్పు, జీడిపప్పు, సారపప్పు. “అయితే మెకడేమియా పప్పు!” అని వాడే తీర్పు చెప్పినాడు. నిఘంటువులో అది లేదు. మా తరగతి పుస్తకములో ఉన్నది.

ఆ సాయంకాలము ఒక తండ్రి మమ్ములను ప్రక్కకు పిలిచి మర్యాదగానే అడిగినారు: “అమ్మా, పిల్లలను తెలుగు సంస్కృతి కోసము పంపుచున్నాము. ఇది తెల్లవారి వంట గదా?” ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పటికప్పుడు మాకు సమాధానము తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించినాము. బేరి మనది కాదు. మెకడేమియా మనది కాదు. మన కూరలలో వేయు మిరపకాయ కూడ ఒకప్పుడు సముద్రము దాటి తెలుగుదేశమునకు వచ్చినదే. అయినను ఈ వాదమును మేము గట్టిగా నిలుపబోము. అరిసెలు నేర్పవలసినదే, పులిహోర నేర్పవలసినదే. మేము చెప్పగలిగినది ఇంతే: మా అమ్మ తన చిన్ననాటి మాటను మాకు తిరిగి ఇచ్చినది ఈ పండు తినుచునే. ఆ మాట మాకు ముందే తెలిసియున్నచో, ఆ ఏడు వారములలో ఆమెతో మాట్లాడియుందుము.

కనుక చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. మీ ఇంటిలో తెలుగు మాట్లాడు అవ్వ గాని తాత గాని ఉన్నచో, ఈ ఆదివారమే ప్రక్కన కూర్చుండి, చిన్ననాడు ఏమి తినెడివారని అడుగుడు. భాష రాదని సిగ్గుపడవద్దు. ఆ మాటలను ఏ లిపిలోనైనను వ్రాసికొనుడు. అర్థము తరువాత వెదకవచ్చును. వ్రాసికొనని దానిని వెదకుటకు తావు లేదు.

అమ్మ తిథి ప్రతి ఏడును చలికాలపు ఆరంభమున వచ్చును. ఆనాడు విస్తరిలో అన్నము, పప్పు, గుమ్మడికాయ కూర, గారెలు, పరమాన్నము విధిగా వడ్డింతుము. బేరిపండును విస్తరిలో పెట్టవచ్చునా అని మా ఇద్దరిలో మొదటి ఏడు కొంత వివాదము జరిగినది. అక్క పెట్టవలెనన్నది, చెల్లెలు కూడదన్నది. కడకు విస్తరిలో పెట్టలేదు. భోజనములు ముగిసిన తరువాత వంటింటి బల్ల మీద పళ్ళెము ఉంచి, వచ్చినవారందరిని పిలుచుచున్నాము. పెద్దమ్మ కూడ ఇప్పుడు లేదు.

ఈ ఏడు తిథినాడు మా తరగతిలోని ఎనిమిదేండ్ల చిన్నది తల్లితో వచ్చినది. తన వంతు తిని, పళ్ళెములో మిగిలినది చూచి, కొంచెము ఆలోచించి, మాటలు కూర్చుకొని, “అవ్వా, నాకు ఇంకా కొంచెం జున్ను కావాలి” అన్నది. అది జున్ను కాదు. ఆ సంగతి ఇప్పుడు మాకు బాగుగా తెలియును. జీవితమంతయు తప్పులు దిద్దిన పంతులమ్మలము ఇద్దరమును బల్లకు ఇరువైపుల నిలిచియున్నాము. అక్క చెల్లెలి వైపు చూచినది. చెల్లెలు చెంచా తీసికొన్నది.

పెద్ద చెక్క చూచి వడ్డించినాము.